గంటకు మించి ఆగరాదు

మేనేజరు ప్రహ్లాద మా కారవాన్ తలుపుకు నోటీసు అంటించి ఇంకా మెట్టు కూడా దిగలేదు. నేను దాన్ని ఒక్క గుంజు గుంజి పీకి, నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న స్టవ్వు కాలి కింద ఎత్తుగా పెట్టాను. అతను చూస్తుండగానే పెట్టాను. చూడాలనే పెట్టాను.

"అది కంపెనీ ఆర్డరు మేడమ్," అన్నాడు.

"చదివినాలే. ఏ బండీ ఈడ గంటకు మించి ఆగకూడదు. ఆగితే రేపు పొద్దున ఐదున్నరకు క్రేను పెట్టి లాగేస్తారు. అంతేనా, వెనకపక్క ఇంకేమన్నా రాసినారా?"

"మీరు చదువుకున్నోళ్లు. మీరే ఇట్ల చేస్తే ఎట్ల?"

"చదువుకున్నా కాబట్టే కదలను. పోయి నీ పని చూసుకో నాయనా."

అతను పోయాడు. సాయంత్రం ఐదయింది. ఆ లారీల అడ్డాలో మేం బండి పెట్టి అది మూడో రోజు.

రాయదుర్గం నుంచి బళ్లారి వైపు పోయే పెద్ద హైవే అది. నా చిన్నప్పుడు హగరి ఏటి ఒడ్డున ఉన్న నాలుగు ఊళ్లకే ఇసుక తిన్నెల బాధ ఉండేది. ఇప్పుడు కనుచూపు మేరా ఇసుకే. గాలి లేచిందంటే రోడ్డు కనపడదు, యంత్రాలు వచ్చి ఊడ్చిపోవాలి. ఆ ఎడారి మధ్యలో ఒక బంకు, ఒక టైర్ల షాపు, ఖాసింబీ హోటలు, రెండు వందల లారీలు పట్టే జాగా. ఒకప్పుడు అక్కడ రాత్రిపూట కాలు పెట్టే సందు ఉండేది కాదట. డ్రైవర్లు వండుకుని తిని, లారీల కింద తువ్వాళ్లు పరుచుకుని తెల్లారేదాకా పడుకునేవాళ్లు. ఇప్పుడు ఆ జాగా అంతా తెల్లగీతలు గీసి, ప్రతి గీతకూ ఒక గడియారం నిలబెట్టారు. లారీ వచ్చి ఆగగానే గడియారం మొదలవుతుంది. ముప్పావు గంటకు బెల్లు కొడుతుంది, డ్రైవరు లేచి పోతాడు. రాత్రి లేదు, పగలు లేదు.

ఆ గడియారాలకు కారణం నేనే. నా పేరు చౌడేశ్వరి. పేరు ముందు డాక్టర్ అని ఉంటుంది గానీ సూదులు వేసే డాక్టర్ను కాను, ఇరవై ఏళ్లు నిద్ర మీద పరిశోధన చేశాను. ఇప్పుడు ఆ ఉద్యోగం లేదు. ఉన్నది ఈ కారవానూ, అందులో నా తమ్ముడు సుంకన్నా. కారవాన్ ఒకప్పుడు ఏదో సినిమా హీరోది. చుట్టూ బల్బులున్న మేకప్ అద్దం ఇంకా అట్లాగే ఉంది. మేం వచ్చిన రోజు లోపల ఎవరో స్టారు ఉన్నాడనుకుని ఇద్దరు లారీ డ్రైవర్లు సెల్ఫీ కోసం తలుపు తట్టారు. గుండు చేయించుకుని, గడ్డం పెరిగిన సుంకన్న బయటికి వచ్చేసరికి పాపం చాలా నిరాశపడ్డారు.

ఆ సుంకన్న ఈ రాత్రి కూడా తెల్లారేదాకా నిద్రపోవాలి. మామూలు నిద్ర, మనందరం పోయే నిద్ర. రెండు రాత్రులు పోయాడు. మూడోదీ పోతే నా తమ్ముడు నాకు దక్కుతాడు. మధ్యలో ఎవరైనా కదిపితే దక్కడు, ఎప్పటికీ దక్కడు. నోటీసు గురించి నాకున్న అభిప్రాయం ఇంతకంటే వివరంగా చెప్పక్కర్లేదు.

* * *

మా నాన్న ఆదోని నుంచి పత్తి లారీ తోలేవాడు. నాకు పంతొమ్మిదేళ్లప్పుడు గుత్తి దగ్గర స్టీరింగు మీదే కునుకు తీసి, లారీతో సహా కల్వర్టు కింద పడిపోయాడు. ఆ రోజు నుంచి నిద్రంటే నాకు పగ. తమ్ముడు పెద్దవాడై నాన్న సీట్లోనే కూర్చున్నాక ఆ పగ ఇంకా పెరిగింది. వాడు నిద్రమత్తులో చావకూడదు. నా చదువంతా, నా పరిశోధనంతా ఈ ఒక్క మాట కోసమే.

అట్లా తయారుచేశాను కునుకు టోపీని. దానికి పెద్ద ఇంగ్లీషు పేరుంది గానీ డ్రైవర్లు పెట్టిన పేరే నిలిచింది. చూడ్డానికి చలికాలం వేసుకునే మంకీ క్యాపులా ఉంటుంది. తలకు పెట్టుకుని మీట నొక్కితే ముప్పావు గంటలో మనిషి ఎనిమిది గంటలు పడుకున్నట్టు లేస్తాడు. నిద్రలో ఒళ్లలసట తీర్చే భాగాన్ని మాత్రం తీసుకుని ముప్పావు గంటలో ఇమిడ్చాను. మిగిలిందేముంది, కలలు, దొర్లడాలు, కలవరింతలు. అదంతా వృథా అని కత్తిరించేశాను. అంత తెలివైనదాన్ని మరి.

మొదట పెట్టుకున్నది సుంకన్నే. మా ల్యాబులో చీమ చిటుక్కుమన్నా వినపడేటంత నిశ్శబ్దమైన గది ఒకటి ఉండేది. దాంట్లో పడుకోబెడితే వాడు అటూ ఇటూ దొర్లి లేచి కూర్చున్నాడు.

"ఇదేం రూమక్కా, సమాధి ఉన్నట్టుంది. ఒక్క హారనన్నా లేకపోతే ఎట్ల నిద్ర పట్టేది?"

అందరం నవ్వాం. టోపీ పెట్టి మీట నొక్కగానే పడుకున్నాడు. నలభై ఐదు నిమిషాలకు లేచి, ఒళ్లు విరుచుకుని, "అక్కా, ఇప్పుడే పుట్టినట్టుంది," అన్నాడు. ఆ మాట నా నోట్సులో ఎర్ర ఇంకుతో రాసుకున్నాను. హారన్ మాట రాసుకోలేదు.

మొదటి ఏడాదే హైవేల మీద లారీ ప్రమాదాలు సగానికి పైగా తగ్గాయి. అది నిజం, ఈ రోజుకీ దాన్ని నేను కాదనను. ఎంతమంది పిల్లలకు తండ్రులు మిగిలారో. కానీ లారీలూ ఈ అడ్డాలూ నడిపే కంపెనీ టోపీ హక్కులు కొని, మరుసటి ఏడాది డ్రైవర్లందరికీ దాన్ని తప్పనిసరి చేసింది. రాత్రి మజిలీలు ఎత్తేసింది. ముప్పావు గంటలో లేచేవాడికి రాత్రంతా ఆగే హక్కు దేనికన్నారు.

* * *

సుంకన్న భార్య, మా మరదలు ఉలిగమ్మ మూడేళ్ల కిందట, వైశాఖంలో, వేరుశనగ చేలో వడదెబ్బ తగిలి పోయింది. సుంకన్న అప్పుడు నాగపూర్ దగ్గరున్నాడు. వచ్చాడు, తలకొరివి పెట్టాడు, గుండు చేయించుకున్నాడు. పదకొండో దినం ఊరందరికీ భోజనాలు పెట్టాం. నేను దగ్గరుండి వడ్డించాను కాబట్టి గట్టిగా చెప్పగలను.

ఆ మర్నాడు వాడు నన్నడిగాడు. "అక్కా, దినాలకు ఎవరెవర్ని పిలవాల?"

దుఃఖంలో మతి చలించిందనుకున్నాను. "అయిపోయినాయి కదరా నిన్న," అన్నాను. వాడు నన్ను వింతగా చూశాడు. "పొద్దున్నే కదక్కా పోయింది," అన్నాడు.

మళ్లీ డ్యూటీకి వెళ్లిపోయాడు. బండి బాగానే తోలేవాడు. కానీ ప్రతి రోజూ ఫోను. "అక్కా, ఉలిగమ్మ పోయిందే. పొద్దున్నే పోయింది." ప్రతి రోజూ కొత్తగా ఏడ్చేవాడు. గుండు మీద వెంట్రుకలు కాస్త పెరిగితే చాలు, హైవే పక్కన ఎక్కడో మంగలి ముందు కూర్చుని మళ్లీ చేయించుకునేవాడు. మైల ఉంది కదా అని తాలింపు వేసిన కూర ముట్టేవాడు కాదు. మూడేళ్లు తాలింపు లేని తిండి తిన్నాడు నా తమ్ముడు. వాడికి పదకొండో దినం రాలేదు. రెండో దినమే రాలేదు.

తేదీ అడగండి, సరిగ్గా చెబుతాడు. లెక్క తప్పదు. కానీ ఆ తేదీకీ తనకూ సంబంధం లేనట్టే ఉంటాడు. టోపీ వాడే వాళ్లను వందమందిని పిలిచి మాట్లాడాను. అందరిదీ అదే కథ. టోపీ పెట్టుకున్నాక జరిగిన పెద్ద సంగతి ఏదైనా సరే, పొద్దున్నే జరిగింది. కోపాలు చల్లారవు. ఇంటి మీద బెంగ పుట్టదు, ఇప్పుడే కదా వచ్చాం అనిపిస్తుంది. ఏది నేను చెత్తని కత్తిరించి పారేశానో, ఆ కలల్లోనే మెదడు ఆ రోజుకు ముగింపు రాసుకుంటుంది. ఇది అయిపోయింది, ఇక పక్కన పెట్టు అని తనకు తాను చెప్పుకుంటుంది. ఆ పని జరక్కపోతే మనిషికి రోజు తెల్లారుతుంది గానీ పొద్దుగూకదు.

కాగితాలన్నీ పట్టుకుని కంపెనీ పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లాను. శ్రద్ధగా విన్నారు, కాఫీ ఇచ్చారు. "బండ్లు బాగానే నడుపుతున్నారు కదా డాక్టర్ గారూ," అన్నారు. కాఫీ తాగకుండా లేచి, ఆ సాయంత్రమే రాజీనామా రాసిచ్చాను.

విరుగుడు సులువే అనుకున్నాను. టోపీ తీసేసి మూడు రాత్రులు వరుసగా నిండుగా పడుకుంటే, ఆగిపోయిన పని మళ్లీ మొదలవుతుంది. ఒకతను అట్లా కోలుకున్నాడు కూడా. సిద్ధప్ప అనే ఇంకో డ్రైవరు మూడో రాత్రి నిద్రలో ఉండగా, పరీక్ష కోసం రక్తం తీయాలని నేనే లేపాను. ఆ తర్వాత అతనికి ఏం చేసినా మామూలు నిద్ర రాలేదు. అతని భార్య నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

సుంకన్నకైతే మొదటి రాత్రే పట్టలేదు. ఆదోనిలో మా ఇంట్లో మెత్తటి పరుపు వేశాను, కిటికీలు మూశాను, వారం రోజులు వాడు కప్పు చూస్తూ పడుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది ఆ హారన్ మాట. ముప్పై ఏళ్లు లారీల మధ్య పడుకున్నవాణ్ణి నిశ్శబ్దంలో పడుకోమన్నాను నేను. ఇంత చదివి ఆ మాత్రం బుర్రకు తట్టలేదు. మర్నాడే కారవాన్ కొని, వాణ్ణి ఎక్కించుకుని, లారీలు ఆగే చోటు వెతుక్కుంటూ వచ్చాను.

* * *

ప్రహ్లాద వెళ్లాక లోపలికి వచ్చి చూస్తే సుంకన్న సంచి సర్దుకుంటున్నాడు.

"యాడికిరా?"

"యాడికేందక్కా? ఉలిగమ్మ పొద్దున్నే పోతే నన్ను తెచ్చి ఈ ఇసుకలో కూర్చోబెడితివి. శవం ఇంట్లో ఉంది. ఎవరు చూసుకుంటాండారో ఏమో." చొక్కా కుక్కి సంచి మూశాడు. "నువ్వు ఇంత రాతి గుండెదానివి అనుకోలేదు."

రెండు రాత్రుల నిద్రతో కొంచెమైనా మార్పు వస్తుందని ఆశపడ్డాను. రాలేదు. మూడో రాత్రి దాటితే గానీ రాదని నాకే తెలుసు, అయినా ఆశ. "రేపు పొద్దున్నే పోదాంరా. నేనే తీసుకపోతా," అన్నాను. నా జీవితంలో అంత కష్టంగా ఆడిన అబద్ధం ఇంకోటి లేదు. వాడు సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

ఖాసింబీ హోటలుకు వెళ్లాను. ఆమెకు అరవై దాటాయి. గంటలో పోయే గిరాకీల కోసం రోజంతా బొరుగులు నానబెట్టి ఉగ్గాని కలుపుతూనే ఉంటుంది. నోటీసు సంగతి ఆమెకు నాకంటే ముందే తెలుసు.

"నీ బండి పక్కన ఏ లారీ ఆగకూడదని మైకులో చెప్పినాడమ్మా ఆ ప్రహ్లాద. గీతల్లోనే ఆగాలంట. ఇంగ సుంకన్నకు చప్పుడెట్ల?"

ఆ చప్పుడు సంగతి మేం వచ్చిన మొదటి సాయంత్రమే కనిపెట్టాం. ఒక ముసలి డ్రైవరు అలవాటు కొద్దీ ఇనుప రాడ్డు తీసుకుని తన లారీ టైర్లను ఒక్కొక్కటే కొట్టి చూస్తున్నాడు. గాలి సరిగ్గా ఉంటే గట్టిగా టంగుమంటుంది, తగ్గితే మొద్దుగా పలుకుతుంది. ఇప్పుడు ఆ పని చేసేవాళ్లు లేరు, గాలి ఎంతుందో లారీయే చెబుతుంది. ఆ టంగు టంగు వినపడగానే సుంకన్న రెప్పలు వాలిపోయాయి. పక్కన ఒక ఇంజను నడుస్తూ, ఎవరో టైర్లు కొడుతూ ఉంటే చాలు, వాడికి అదే జోలపాట. రెండు రాత్రులూ డ్రైవర్లు ఎవరికి వాళ్లే వచ్చి కొట్టిపోయారు.

"నేనే కొడతా," అన్నాను.

"నీ ఒక్కదానితో యాడ అవుతాది?" ఖాసింబీ చేతులు కడుక్కుని, పొయ్యి పక్కనున్న రాడ్డు తీసింది. ఉగ్గాని తింటున్న వాళ్ల వైపు తిరిగి గట్టిగా అంది. "ఏమప్పా, ఆడ ఒక మనిషి రాత్రంతా పడుకోవాల. మీకు ముప్పావు గంట ఉంది. ఎవడు వస్తాడో రాండి."

ఎవరూ లేవలేదు. వాళ్ల తప్పు కాదు. లారీ గీత దాటి ఆగితే ఆ సంగతి కంపెనీకి వెంటనే తెలుస్తుంది. అందరూ పళ్లేల్లోకి చూసుకున్నారు. చివరికి మూలనున్న ఒక లావుపాటి డ్రైవరు చెయ్యి తుడుచుకుని లేచాడు.

"నాది టమాట లోడు. గీత దాటి పెడతా. ఏం చేస్తారో చూద్దాం."

వెళ్లి లారీని మా కారవాన్ పక్కన తెచ్చి ఆపాడు. గడియారం ఎర్రగా వెలిగి అరిచింది. అతను ఇంజను ఆపకుండా దిగి, రాడ్డు తీసుకుని టైర్లు కొట్టడం మొదలుపెట్టాడు. తన ముప్పావు గంట కునుకు మానుకుని కొట్టాడు. అతను కదిలేలోపు ఇంకొకడు వచ్చాడు, ఆ తర్వాత ఇంకొకడు. ప్రహ్లాద మైకులో అరిచి అరిచి గొంతు బొంగురు పోయి ఊరుకున్నాడు. ఎనిమిదిన్నరకు సుంకన్న సంచి మీదే తలవాల్చాడు. నేను మెల్లగా కాళ్లు చాపించి దుప్పటి కప్పాను. అప్పటి నుంచి ఒక లారీ పోతే ఒక లారీ, ఒకరు అలిసిపోతే ఖాసింబీ, ఆమె అలిసిపోతే నేను. వంతు తప్పలేదు.

* * *

క్రేను ఐదుంబావుకే వచ్చింది. మంచి పనులకెప్పుడూ ఆలస్యమయ్యే కంపెనీ దీనికి మాత్రం పావుగంట ముందుగానే వచ్చింది. అప్పుడే తూర్పు తెల్లబడుతోంది. సుంకన్న కళ్లు రెప్పల కింద అటూ ఇటూ కదులుతున్నాయి. కల. నేను చెత్తన్న కల. అది పూర్తి కావాలి.

చప్పుడుకు వాడు లేవడు, ఆ భయం లేదు. కానీ క్రేను బండి ముందు భాగాన్ని పైకెత్తిందంటే వాడు దొర్లి కింద పడతాడు. నేను తలుపు బయట తాళం వేసి, ముందుకు వచ్చి, కొక్కెం తగిలించే చోట బంపరు మీద ఎక్కి కూర్చున్నాను. నా వయసు యాభై ఎనిమిది, మోకాళ్ల నొప్పులు. ఎక్కడానికి ఖాసింబీ చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. ఎక్కించి ఆమె కూడా పక్కనే కూర్చుంది.

"మేడమ్, దిగండి," అన్నాడు ప్రహ్లాద.

"ఎత్తితే మమ్మల్ని కూడా కలిపి ఎత్తు."

"మీరు చేసిన టోపీయే కదా మేడమ్ ఇదంతా. మీకే ఎందుకింత పట్టుదల?"

"నువ్వు పెట్టుకుంటావా ఆ టోపీ?"

"నాకెందుకు? నేను రాత్రి ఇంటికి పోయి పడుకుంటా కదా."

"విన్నావా ఖాసింబీ," అన్నాను. ప్రహ్లాద ముఖం పక్కకు తిప్పుకుని, ఎత్తమని క్రేను వైపు చెయ్యి ఊపాడు.

క్రేను డ్రైవరు దిగి వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి, కళ్యాణదుర్గం వైపు మనిషి, పేరు వన్నూరప్ప అని చొక్కా మీద ఉంది. మెడకు కునుకు టోపీ వేలాడుతోంది. చేతులు జోడించాడు.

"అమ్మా, మీ కాళ్లు మొక్కుతా, దిగండి. ఈ ఒక్క బండీ లాగేస్తే నా డ్యూటీ అయిపోతాది. నేను బిర్న ఇంటికి పోవాల, ఆలస్యం చేయకూడదు. పొద్దున్నే నాకు కూతురు పుట్టింది. ఇంగా ముఖం కూడా చూడలే."

ఆ 'పొద్దున్నే' నేను మూడేళ్లుగా ఫోనులో విన్నదే. ఇంకా తెల్లారనే లేదు.

"ఏ పొద్దునప్పా?" అన్నాను.

"ఈ పొద్దునే." అంత సంతోషం ఉంది ఆ ముఖంలో.

ఆ టోపీని తయారుచేసిన మనిషిని నేను. అతని ముందు బంపరు మీద కూర్చుని మెడలోని ఆ టోపీనే చూస్తున్నాను. ప్రహ్లాద తొందరపెడుతున్నాడు, వన్నూరప్ప గొలుసు పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు లోపల నుంచి తలుపు మీద దబదబా బాదిన చప్పుడయింది.

"అక్కా! తలుపు ఏల మూసినావు?"

కిందికి ఎట్లా దిగానో తెలీదు. తాళం తీశాను. సుంకన్న దుప్పటి కప్పుకునే నిలబడి ఉన్నాడు. కళ్లు వాచి ఉన్నాయి. నన్ను చూశాడు, ఇసుకను చూశాడు, వెలుతురు వైపు చాలాసేపు చూశాడు.

"ఉలిగమ్మ కలలోకి వచ్చిందక్కా," అన్నాడు. "చేను మీద నుంచి వస్తాంది. నన్ను చూసి కూడా ఆగలే, పోయింది." మెట్టు మీద కూలబడ్డాడు. "మూడేండ్లు అయిపోయింది కదా అది పోయి. మూడేండ్లు నేను యాడుండినాను?"

ఏడ్చాడు. మూడేళ్లుగా రోజూ విన్న ఏడుపు కాదది. ఆ ఏడుపులో గాబరా ఉండేది, దీంట్లో లేదు. వాడి గుండు నా కడుపుకు ఆనించుకుని నేనూ ఏడ్చాను. గెలిచానని మాత్రం అనిపించలేదు. వాడి మూడేళ్లు తినేసినదాన్ని నేనే కదా. ఆ మాటే వాడితో అన్నాను.

"అవును, నువ్వే," అన్నాడు ముఖం తుడుచుకుంటూ. "నీ మింద కోపం ఉంది. మళ్లా మాట్లాడుకుందాం. ఆకలైతాంది." ఖాసింబీ వైపు తిరిగాడు. "అమ్మా, ఉగ్గాని పెడతావా? తాలింపు బాగా వెయ్యి."

ఖాసింబీ కొంగుతో కళ్లు ఒత్తుకుని హోటలుకు పరిగెత్తింది.

"అయిపోయింది కదా మేడమ్ మీ పని," అన్నాడు ప్రహ్లాద, కొంచెం మెత్తగానే. "ఇంగ మీరే తీసెయ్యండి బండి."

నిజమే, నా పని అయిపోయింది. కారవాన్ స్టార్టు చేసుకుని ఆదోనికి వెళ్లిపోవచ్చు. తాళాలు నా చేతిలోనే ఉన్నాయి. వన్నూరప్ప గొలుసు చుట్టేసుకుంటూ, "మంచిదమ్మా, నేను కూడా బిర్న పోతా, పాప ఎదురు చూస్తాంటాది," అన్నాడు.

సుంకన్న తల ఎత్తాడు.

"ఏమన్నావు తమ్ముడా?"

"పాపన్నా. పొద్దున్నే పుట్టింది."

సుంకన్న నా వైపు చూశాడు. నేను తల ఊపాను. వాడు మెట్టు మీద జరిగి, పక్కన చోటిచ్చాడు. "రా, రవంతసేపు కూర్చో. పాప పేరేమి?"

"ఇంగా యాడ పేరన్నా. పేరు పెట్టేది ఇరవై ఒకటో దినం కదా."

"ఫోటో ఉందా?"

"లేదన్నా. నా భార్య రోజూ ఎవరి పిల్ల ఫోటోనో పంపుతాంటాది. మన పాపది పంపవే అంటే ఏడుస్తాది." వన్నూరప్ప ఫోను తీసి చూపించాడు. "ఇదో, ఈ పాప."

నేను వంగి చూశాను. నీలం గౌను, తెల్ల సాక్సులు, రెండు పిలకలు, భుజాన బ్యాగు. నాలుగేళ్లుంటాయి. కనుబొమలు అచ్చం అతనివే.

"మెడలో స్కూలు కార్డు ఉంది కదా," అన్నాడు సుంకన్న, చాలా మెల్లగా. "పెద్దది చేసి చదువు."

వన్నూరప్ప రెండు వేళ్లతో ఫోటోను పెద్దది చేశాడు. పెదవులు కదిలించుకుంటూ చదివాడు. "హరిణి. ఎల్.కె.జి. తండ్రి పేరు..." అక్కడ ఆగాడు.

ప్రహ్లాద కూడా వంగి ఫోను చూశాడు. హైవే మీద ఒక లారీ పోయింది.

"తండ్రి పేరు వన్నూరప్ప," అన్నాడు సుంకన్న. "పేరు పెట్టినారు తమ్ముడా. నువ్వు లేకుండానే పెట్టినారు."

"లేదన్నా." అతను ఫోనును గుండెకు అదుముకున్నాడు. "పొద్దున్నే... నేను డ్యూటీ అయినాక..." నమ్మాడని నేననుకోను. నమ్మడానికి కావలసినది అతని తలలో లేదు, దాన్ని తీసేసింది నేను. కానీ భయపడ్డాడు, ఆ భయం చాలు.

"మా అక్క డాక్టరు," అన్నాడు సుంకన్న. "ఎన్ని రాత్రులో చెప్పక్కా."

"మూడు," అన్నాను. తాళాలు జాకెట్టులో దోపుకున్నాను. "మూడు రాత్రులు ఈడే పడుకోవాల. ఎవరొచ్చి లేపినా లేవగూడదు. మేము కాపలా ఉంటాం. నాలుగో రోజు ఇంటికి పోయి పాపను పేరు పెట్టి పిలుద్దువు."

వన్నూరప్ప చాలాసేపు ఫోటో చూశాడు. తర్వాత మెడలోని టోపీ తీసి నా చేతిలో పెట్టి, వెళ్లి క్రేను ఇంజను ఆపేశాడు. అది మా కారవాన్‌కు సరిగ్గా ఎదురుగా, మూడు గీతలకు అడ్డంగా నిలబడిపోయింది.

"రేయ్, ఏంరా ఇది!" అని అరిచాడు ప్రహ్లాద. వన్నూరప్ప క్యాబిన్ దిగలేదు, అద్దం కూడా ఎత్తేసుకున్నాడు. ప్రహ్లాద ఫోను తీసుకుని దూరంగా వెళ్లాడు గానీ గాలి లేని ఆ ఇసుకలో ప్రతి మాటా మాకు వినపడుతూనే ఉంది.

"క్రేను వచ్చింది సార్... లేదు సార్, లాగలేదు... చెడిపోలే సార్, బాగానే ఉంది. డ్రైవరు రానంటాండాడు. మూడు రాత్రులు ఈడే పడుకుంటాడంట... అవును సార్. ఆ క్రేనును లాగాలంటే ఇంకో క్రేను కావాల."

"పంపమను ప్రహ్లాదా," అన్నాను, ఫోనులో ఉన్న పెద్దమనిషికి కూడా వినపడేటట్టు. "దాన్ని తోలుకొచ్చేవాడు కూడా పడుకోవాల్సినోడే. జాగా చానా ఉంది."